ఇన్యూట్ రాతి బొమ్మలు చెక్కడం నేర్చుకోవాలని ఉంది, ఎక్కడ మొదలెట్టాలి?

విన్నిపెగ్_వాణి
ఇక్కడ విన్నిపెగ్ ఆర్ట్ గ్యాలరీకి ఆనుకుని 2021లో కౌమజుక్ అని ఇన్యూట్ (కెనడా ఉత్తరాన మంచు ప్రాంతపు మూలవాసులు) కళ కోసమే ఒక భవనం తెరిచారు. మూడంతస్తుల ఎత్తు గాజు గది, అరల నిండా రాతి బొమ్మలు. సీళ్లు, వాల్రస్‌లు, గుడ్లగూబలు, ఒంటికాలి మీద నిలబడ్డ ధ్రువపు ఎలుగుబంట్లు. వెళ్లినప్పుడల్లా అక్కడే ఆగిపోతున్నా. చూసి చూసి ఇప్పుడు చెక్కడం నేర్చుకోవాలన్న కోరిక పట్టుకుంది.

నా బాధ ఏంటంటే, ఊళ్లో "ఇన్యూట్ శిల్పకళ" పేరుతో పెట్టే వారాంతపు క్లాసుల్లో అసలు చెక్కడమే లేదు. ముందే మిషన్ మీద కోసిన ఎలుగుబంటి ఆకారం చేతిలో పెడతారు. దాన్ని ఎమరీ పేపర్‌తో రుద్ది, మైనం పూసి, సంచిలో వేసుకుని ఇంటికెళ్లడమే. నేర్పేవాళ్లు ఇన్యూట్ కూడా కాదు. డబ్బు పోతే పోయింది, ఆ పేరు వాడుకోవడం నాకు నచ్చలేదు.

ఏ రాయి కొనాలి, ఏ పనిముట్లు కావాలి, మొదట ఏ జంతువు చెయ్యాలి? గ్రైండర్లూ గట్రా వద్దు, వాళ్లు పూర్వం చేసినట్టే చేతి పనిముట్లతో చెయ్యాలని ఉంది. అసలు మనలాంటివాళ్లు ఇది నేర్చుకోవడం సబబేనా అన్నది కూడా చెప్పండి.

కెనడా_కిట్టు
ఆ కోసిన ముక్కల డబ్బా మా అమ్మాయి బళ్లో కూడా ఇచ్చారు. పిల్లలకి బాగుంటుంది, రాయి అంటే బెరుకు పోతుంది. పెద్దవాళ్ల దగ్గర ఫీజు తీసుకుని అదే ఇవ్వడం మాత్రం అన్యాయం.

రాళ్లరాజు
రాయి సంగతి నేను చెప్తా. జియాలజీ చదివి గనుల్లో పనిచేసినవాణ్ణి. అందరూ సోప్‌స్టోన్ అనేస్తారు గానీ ఆ గాజు గదిలో ఉన్నవన్నీ అది కాదు. సోప్‌స్టోన్‌లో ఎక్కువ భాగం టాల్క్, గోరుతో గీసినా గీత పడుతుంది. కిన్‌గైట్ అనే ఊరి (2020 దాకా కేప్ డోర్సెట్ అనేవారు) నుంచి వచ్చే మెరిసే ఆకుపచ్చ బొమ్మలు సర్పెంటైన్ అనే ఇంకో రాయి. అది గోరుకి లొంగదు. అక్కడే తెల్ల మార్బుల్‌తో చేసినవీ ఉంటాయి. హడ్సన్ బే దీవుల్లోని శానికిలువాక్ ఊరివాళ్లది ఆర్గిలైట్ అనే రాయి, బేకర్ లేక్ ఊరివాళ్లది నల్లటి గట్టి రాయి.

మొదటి రాయిగా మెత్తటి సోప్‌స్టోనే కొనండి. దక్షిణ కెనడా షాపుల్లో బ్రెజిల్ నుంచి తెచ్చినది దొరుకుతుంది, నేర్చుకోవడానికి ఫర్వాలేదు. కొనేముందు నీళ్లతో తడపండి. పగులు ఉంటే తడి అందులోకి దిగి సన్నటి గీత కనిపిస్తుంది, పాలిష్ అయ్యాక రంగు ఎలా తేలుతుందో కూడా తెలుస్తుంది. తర్వాత సంతలో కుండ తట్టి కొన్నట్టే సుత్తితో మెల్లగా తట్టండి. ఖంగుమంటే తీసుకోండి, డొప్పుమంటే లోపల చీలిక ఉన్నట్టే. చేతిలో ఇమిడే ముక్క చాలు.

పాలమూరు_పిల్ల
సోప్‌స్టోన్ అంటే మన బలపం రాయేనా అన్నా? మా నాయనమ్మ పులుసు పెట్టే రాచిప్ప గూడ గదే రాయి అంటరు.

రాళ్లరాజు
అదే జాతమ్మా. నిప్పు మీద పగలదు, వేడి చాలాసేపు పట్టి ఉంచుతుంది. మన దగ్గర బేతంచెర్ల, తాడిపత్రి వైపు గనులున్నాయి.

ఉత్తరాన_ఉష
నేను ఇకాలుయిట్‌లో (ఇన్యూట్ ఎక్కువగా ఉండే నునావుట్ ప్రాంతానికి రాజధాని) ఆస్పత్రి ఫార్మసీలో పనిచేస్తున్నా. వాణి గారూ, "పూర్వం చేసినట్టే చేతి పనిముట్లతో" అన్నారు కదా, ఇక్కడ ఆ పట్టింపు ఎవరికీ లేదండీ.

మా పక్కింటాయన చెక్కుతాడు. ఇంటి బయట చెక్కలతో కట్టిన చిన్న పాక, కిటికీలోంచి లాగిన కరెంటు వైరు, చేతిలో యాంగిల్ గ్రైండర్. మైనస్ 30లో కూడా పని బయటే, ఆ దుమ్ము ఇంట్లోకి రాకూడదని. ఆపి లోపలికొచ్చేసరికి కోటు, కనుబొమలు, మీసం అన్నీ తెల్లగా ఉంటాయి. మంచో రాతిపొడో దగ్గరికెళ్తే గానీ తెలియదు. పెద్ద ఆకారమంతా గ్రైండర్‌తో తీసేస్తాడు, తర్వాత చిన్న డై గ్రైండర్, ఆ తర్వాత ఆకురాయి. ముఖం దగ్గరికొచ్చేసరికి మాత్రం మిషన్లు పక్కన పడతాయి. కళ్లు, ముక్కు చేత్తోనే. వాళ్ల నాన్న గొడ్డలి, రంపం, ఆకురాయితో చేసేవాడట. కరెంటు వచ్చాక కరెంటు వాడుకున్నారు. అంతమాత్రాన ఆ బొమ్మ ఇన్యూట్‌ది కాకుండా పోతుందా?

వీళ్ల చదువంతా జంతువు దగ్గర జరుగుతుంది. సీల్‌ని వేటాడి తెస్తే నేల మీద అట్టముక్కలు పరిచి అక్కడే కోస్తారు, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని తింటారు. తెడ్డుకాలు ఒంటికి ఎక్కడ కలుస్తుందో, మెడ దగ్గర కొవ్వు ఎంత మందమో పిల్లలకి చిన్నప్పుడే చేతికి తెలిసిపోతుంది. చెక్కడం నేర్పేటప్పుడు మాటలు చాలా తక్కువ. పిల్లాడు పక్కన నిలబడి చూస్తాడు. ఒక చిన్న రాతిముక్క, ఒక పాత ఆకురాయి చేతికిస్తారు. అంతే. అందుకే అంటున్నా, ఏ ఆకురాయి కొనాలా అని వెతికే టైములో సగం ఆ జంతువుని చూడ్డానికి పెట్టండి. విన్నిపెగ్ జూలో ధ్రువపు ఎలుగుబంట్లు ఉన్నాయి కదా, పెన్సిలు కాగితం పట్టుకుని వెళ్లండి.

విన్నిపెగ్_వాణి
జూ సంగతి నాకు తట్టలేదు, ఈ వారమే వెళ్తా. మిషన్ వాళ్లకి పట్టింపు లేకపోయినా నాకు కుదరదు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో గ్రైండర్ పెడితే పక్కవాళ్లు ఊరుకోరు. మెత్తరాయికి ఆకురాయీ రంపమూ సరిపోతాయా?

ఆళ్లగడ్డ_ఉలి
చాలమ్మా, బాగా చాలు. మా ఇంట్లో మూడు తరాలుగా దేవతా విగ్రహాలు చేస్తాండారు, మాది గట్టిరాయి పని. అయినా పిల్లోళ్లకి చేయి తిరగాలంటే ముందు బలపం రాయే ఇస్తాం. రంపం, గరుకు ఆకురాయి ఒకటి, అర్ధచంద్రం ఆకురాయి ఒకటి, ఎలకతోక ఆకురాయి ఒకటి, ఒక పాత కత్తి. ఉలి, సుత్తి మెత్తరాయి మీద వద్దు, దెబ్బకి యాడ చీలుతుందో చెప్పలేం.

రాయికి ఒక పక్క బొమ్మ గీసి ఆ పక్కే చెక్కుకుంటా పోతే బొమ్మ పలకలా తేలుతుంది. మొదట పక్కనుంచి కనపడే గీత, నాలుగు వైపులా ఆలోచించి గియ్యాల. ఆ గీత ప్రకారం రంపంతో మూలలు కొయ్యి. ఇప్పుడు పైనుంచి కనపడే గీత గియ్యి, మళ్లా కొయ్యి. అంతవరకు కన్ను, చెవి, గోరు ఏమీ తలుచుకోవద్దు. చెవులు రెండూ కలిపి ఒకే గట్టుగా ఉంచి ఆఖర్న మధ్యలో విడదీయాల. కాళ్ల మధ్య రాయి కూడా ఆఖరుదాకా తియ్యొద్దు, బరువంతా దాని మీదే ఉంటాది.

నాకు ఒకటి తెలుసుకోవాలని ఉండాది. మా పనికి తాళమానం ఉంది. ముఖం కొలత ఒకటి తీసుకుంటే దేహం అంతా దాని లెక్కలో వస్తుంది. వాళ్లకి అట్లాంటి కొలత ఏమన్నా ఉందా ఉష మేడమ్?

ఉత్తరాన_ఉష
నేను చూసినంతలో అలాంటి లెక్క లేదండీ. ఊరిని బట్టి, ఆ ఊరి రాయిని బట్టి తీరు మారుతుంది. అర్వియాట్ రాయి బాగా గట్టిది, అక్కడివాళ్లు సన్నటి పనికి పోరు. లూసీ టస్సియోర్ టుట్స్వీటోక్ అనే ఆవిడ చేసినవి చూడండి, రాయి రాయిలాగే ఉండి అంచుల్లో మాత్రం చిన్న చిన్న ముఖాలు తేలుతుంటాయి. కిన్‌గైట్ సర్పెంటైన్ గట్టిగానే ఉన్నా సన్నగా తీసినా నిలుస్తుంది కాబట్టి ఓసుయిటోక్ ఇపీలీ లాంటివాళ్లు కరిబూ దుప్పిని సన్నటి కాళ్ల మీద నిలబెట్టగలిగారు. పువిర్నితుక్ బూడిదరంగు రాయికి నల్లగా పాలిష్ పెట్టి గీతలు గీస్తే ఆ గీతలు తెల్లగా కనిపిస్తాయి, వాళ్లు వేట కథలు ఎక్కువ చెక్కారు.

ఆళ్లగడ్డ_ఉలి
రాయిని బట్టి పని. మా తాత కూడా అదే మాట అనేవాడు. లెక్క లేకుండా ఒంటికాలి ఎలుగుబంటిని నిలబెట్టినారంటే మటుకు కన్ను ఎంత నిక్కచ్చిగా ఉండాలో నాకు తెలుసు. దండం పెడతా ఆ చేతికి.

టొరంటో_తాతయ్య
మీరందరూ సంప్రదాయం సంప్రదాయం అంటున్నారు, కొంత చరిత్ర చెప్పాలి. ఇప్పుడు గ్యాలరీల్లో ఉండే పెద్ద రాతి బొమ్మల వయసు నా వయసు కన్నా ఎక్కువేం కాదు. 1948లో జేమ్స్ హ్యూస్టన్ అనే యువ చిత్రకారుడు హడ్సన్ బే తీరాన ఇనుక్‌జువాక్ వెళ్లాడు. అక్కడ చేతికిచ్చిన చిన్న బొమ్మ చూసి ముగ్ధుడై కొన్ని మాంట్రియల్‌కి తెచ్చాడు. 1949లో అక్కడి హస్తకళల గిల్డ్ అమ్మకం పెడితే కొద్ది రోజుల్లోనే అన్నీ అయిపోయాయి. అప్పటికి తెల్లనక్క తోలు ధర పడిపోయి ఇన్యూట్ కుటుంబాలు అల్లాడుతున్నాయి. ప్రభుత్వానికీ ఇంకో ఆదాయం కావాలి. అలా ఊరూరా బొమ్మలు కొనడం మొదలైంది. 1951లో ఏం చెయ్యాలో సూచనలిచ్చే చిన్న పుస్తకం కూడా అచ్చువేసి పంచారు. 1959లో కిన్‌గైట్‌లో సహకార సంఘం పుట్టింది. ఊరివాళ్లదే సంఘం, ఇప్పటికీ నడుస్తోంది.

గోదారిగట్టు
అంటే దక్షిణాది కొనుగోలుదార్ల కోసం పుట్టిన సరుకన్నమాట. మరి దీనికి ఇంత పవిత్రత ఎందుకు అంటగడుతున్నాం?

టొరంటో_తాతయ్య
ఆ మాట నేననలేదు బాబూ. అంతకుముందు చెక్కడం లేదని ఎక్కడన్నాను? దాదాపు 2500 ఏళ్ల కిందట మొదలైన డోర్సెట్ సంస్కృతివాళ్లు వాల్రస్ దంతంతో చేసిన ఎలుగుబంట్లు వేలెడంత ఉంటాయి. ఒంటి మీద ఎముకలు గీతలుగా గీసి ఉంటాయి, కాళ్లు వెనక్కి చాపి గాలిలో తేలుతున్నట్టు. ఒట్టావా ఎదురుగా గాటినోలో ఉన్న చరిత్ర మ్యూజియంలో అలాంటివి చూసి కదల్లేకపోయాను. వాళ్లు ఇప్పటి ఇన్యూట్‌కి నేరుగా పూర్వీకులు కాకపోయినా ఆ నేల మీద అంతకాలంగా ఆ పని ఉంది. ఇన్యూట్ పూర్వీకులూ దువ్వెనలు, తాయెత్తులు, పిల్లల ఆటబొమ్మలు చేసుకున్నారు. ఊళ్లు మార్చుకుంటూ తిరిగేవాళ్లు, బరువైన రాయి మోయలేరు, కాబట్టి చిన్నవి చేశారు. స్థిరపడ్డాక, కొనేవాళ్లు వచ్చాక బొమ్మ పెద్దదైంది. మారిన సంప్రదాయం కూడా సంప్రదాయమే.

ఉత్తరాన_ఉష
తాతయ్య గారితో ఏకీభవిస్తా. రాయి విషయానికొస్తే దీపం మరిచిపోకండి. కుల్లిక్ అంటారు, అర్ధచంద్రాకారంలో మెత్తరాయిని తొలిచిన దీపం. సీల్ కొవ్వు నూనె, అంచు పొడుగునా నాచు, ఆర్కిటిక్ పత్తి వత్తిగా. చెట్టన్నదే లేని చోట వెలుగూ, వేడీ, వంటా అన్నీ దానిమీదే. పైన రాతి కుండ వేలాడేది. ఇప్పటికీ ఇక్కడ పెద్ద సభలు మొదలెట్టేటప్పుడు ఒక పెద్దావిడ కూర్చుని కుల్లిక్ వెలిగిస్తారు. ఆ వత్తిని చిన్న పుల్లతో ఎగదోస్తూ మంటని అంచు చివరిదాకా సమంగా పాకిస్తారు, హాలంతా నిశ్శబ్దంగా చూస్తుంది.

పాలమూరు_పిల్ల
రాయి గిన్నెల వండుకునుడు అక్కడ గూడ ఉన్నదా! మా నాయనమ్మకు చెప్తే నమ్మదు ఉషక్కా. కుల్లిక్ ఫొటో ఉంటే పెట్టు, ఆమెకు చూపిస్త.

గోదారిగట్టు
సరే, పాతదే అని ఒప్పుకుంటా. కానీ ప్రతి ఆర్టిస్టూ "రాయి లోపల ఉన్న జంతువుని బయటికి తీస్తాను" అన్నట్టు గ్యాలరీవాళ్లు రాస్తారే, అది మాత్రం అమ్మకానికి అల్లిన మాటలా అనిపిస్తుంది.

ఉత్తరాన_ఉష
కొంతమంది నిజంగానే రాయిని అటూ ఇటూ తిప్పి చూసి, వంపు ఎటు ఉందో దాన్ని బట్టి నిర్ణయిస్తారు. మా పక్కింటాయన అలా కాదు, ముందు ఎలుగుబంటి అనుకుని దానికి సరిపడే రాయి వెతుక్కుంటాడు. రాయి దొరకడమే ఇక్కడ పెద్ద పని. కిన్‌గైట్ వాళ్లు సముద్రం మీద పడవల్లో తూర్పున మార్కమ్ బే దాకా వెళ్లి తవ్వుకొస్తారు. మందుగుండు పెట్టి పగలగొడితే లోపల కంటికి కనపడని చీలికలు పడతాయని ఇష్టపడరు, చేత్తోనే పెళ్లగిస్తారు. ఇన్యూట్‌కీ కెనడా ప్రభుత్వానికీ మధ్య జరిగిన 1993 నునావుట్ ఒప్పందంలో ఒక్కో ఇన్యూట్ వ్యక్తి ప్రభుత్వ భూమి నుంచి ఏడాదికి 50 ఘనపు గజాల వరకు చెక్కే రాయి పర్మిట్ లేకుండా తీసుకునే హక్కు రాసుకున్నారు. ఒప్పందంలో పెట్టుకునేంత విలువ ఆ రాయికుంది.

కెనడా_కిట్టు
మధ్యలో నా గోడు. ఊళ్లో నుంచి వచ్చిన మావయ్యకి కానుకిద్దామని ఒక బహుమతుల షాపులో "ఆర్కిటిక్ ఎలుగుబంటి" కొన్నా. పక్కన అదే అరలో అచ్చంగా అదే వంపు, అదే గీత ఉన్నవి ఇంకో డజను. చేత్తో పట్టుకుంటే వెచ్చగా, తేలిగ్గా ఉంది. అచ్చుపోసిన రెజిన్ (ప్లాస్టిక్ లాంటిది) అని తర్వాత ఒకాయన చెప్పాడు. ఎలా గుర్తుపట్టాలి?

టొరంటో_తాతయ్య
రాయి చల్లగా ఉంటుంది, బరువుగా ఉంటుంది. అచ్చు కలిసిన చోట సన్నటి అతుకు గీత కోసం అడుగున చూడు. ఇగ్లూ గుర్తున్న చీటీ అడుగు. దాన్ని 1958లో కెనడా ప్రభుత్వం మొదలెట్టింది, 2017 నుంచి ఇన్యూట్ ఆర్ట్ ఫౌండేషన్ చూసుకుంటోంది. కళాకారుడి పేరు, ఊరు అందులో ఉంటాయి.

పాత బొమ్మలైతే అడుగున అంకెలు కూడా కనిపిస్తాయి. 1940లలో ప్రభుత్వం ఇన్యూట్ ప్రజలకి మెడలో వేసుకునే బిళ్లలు ఇచ్చి నంబర్లు కేటాయించింది, తూర్పువాళ్లకి ఇంగ్లీషు అక్షరం E, పడమరవాళ్లకి W. అధికారులకి పేర్లు రాయడం రాక మనుషుల్ని అంకెలు చేశారు. 1968 నుంచి 1971 వరకు అబ్రహం ఓక్పిక్ ఊరూరా తిరిగి ఇంటిపేర్లు నమోదు చేశాక ఆ నంబర్లు పోయాయి. గ్యాలరీలో అడుగున ఆ అంకె కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి, అది ఒక మనిషి సంతకం.

విన్నిపెగ్_వాణి
ఈ బిళ్లల సంగతి చదివి మనసు బరువెక్కింది తాతయ్య గారూ.

బే_ఏరియా_భాస్కర్
వాల్రస్ దంతం పెట్టిన రాతి వాల్రస్ ఒకటి కెనడాలో చూశా. కొని కాలిఫోర్నియా తెచ్చుకోవచ్చా?

టొరంటో_తాతయ్య
వద్దు. అమెరికాలో 1972 నుంచి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ఉంది. వాల్రస్ దంతం, తిమింగలం ఎముక సరిహద్దు దగ్గరే ఆపేస్తారు. రాతి వాల్రస్‌కి కరిబూ కొమ్ముతో కోరలు పెట్టినవీ దొరుకుతాయి, అలాంటిది చూడు. బిల్లు మీద ఏ పదార్థమో రాయించుకో.

విన్నిపెగ్_వాణి
జూకి వెళ్లొచ్చా. ఎలుగుబంటి నేను ఊహించుకున్నట్టు గుండ్రంగా లేదు. మెడ ఎంత పొడుగో! నుదురు దాదాపు లేనట్టే, తల నుంచి ముక్కు దాకా ఒకటే వాలు. చెవులు చిన్నవి. నడుస్తుంటే వెనక భాగం భుజాల కన్నా ఎత్తుగా ఉంది. ముందు పంజాలు కొంచెం లోపలికి తిరిగి ఉన్నాయి. గ్రిజ్లీ ఎలుగుకి ఉండే భుజం మూపు దీనికి లేదు. గీసుకొచ్చిన బొమ్మల్లో మెడ గీత ఒక్కటి కుదిరితే మిగతాది ఎలాగున్నా ధ్రువపు ఎలుగుబంటి అని తెలిసిపోతోంది.

ఉత్తరాన_ఉష
సరిగ్గా పట్టుకున్నారు! ఆ మెడే. అయినా మొదటి బొమ్మ ఎలుగుబంటి వద్దు, నాలుగు కాళ్లు, వాటి మధ్య ఖాళీ, ఇదంతా తర్వాత. సీల్‌తో మొదలెట్టండి. పొట్ట మీద పడుకుని ఉంటుంది కాబట్టి విరిగే భాగం లేదు.

సీల్ గురించి ఒకటి గుర్తుంచుకోండి. ఇక్కడి రింగ్డ్ సీల్ వెనక తెడ్లని ముందుకి మడవలేదు, అవి ఎప్పుడూ వెనక్కే ఉంటాయి. మంచు మీద పొట్టతో పాకుతుంది. బయటికి కనిపించే చెవులు ఉండవు. సర్కస్ బొమ్మల్లో కూర్చుని బంతి ఆడేది సీ లయన్, వేరే జంతువు. వాల్రస్ మాత్రం వెనక తెడ్లు ముందుకి మడిచి కూర్చోగలదు. ఇక్కడివాళ్లకి తెడ్డు తప్పుగా ఉన్న సీల్ చూపిస్తే ఏమీ అనరు, నవ్వి పక్కన పెట్టేస్తారు.

గోదారిగట్టు
నాకు మస్క్ ఆక్స్ (ఆర్కిటిక్‌లోని ఎద్దు లాంటి జంతువు) సులువనిపిస్తోంది. జుట్టు నేల దాకా వేలాడుతుంది కాబట్టి కాళ్లే కనిపించవు.

ఆళ్లగడ్డ_ఉలి
మంచి మాట. ఫొటోలు చూసినా, బేకర్ లేక్ ఆయన బర్నబస్ అర్నసుంగాక్ చేసినవి. ఒక దిమ్మ, దానికి కొమ్ముల వంపు, అంతే. కానీ ఆ దిమ్మలో ఎద్దు బరువు దిగింది సామీ. సులువనుకుని దిగితే మెత్తరాయి మీద కొమ్ముల మొనలు రాలతాయి. ఈ అమ్మకి సీలే నయం.

రాళ్లరాజు
దుమ్ము గురించి ఇంకా ఎవరూ గట్టిగా చెప్పలేదు. టాల్క్ రాళ్లలో కొన్నిచోట్ల ట్రెమొలైట్ నారలు కలిసి ఉంటాయి, అవీ ఆస్బెస్టాస్ రకమే. సర్పెంటైన్ కుటుంబంలోనే క్రిసొటైల్ ఉంది, అంటే ఆస్బెస్టాస్. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో తవ్వింది ఆ రకమే. రాయిలో క్వార్ట్జ్ ఉంటే సిలికా కూడా. ఇవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే బయటికి రావు. ఆస్బెస్టాస్ లేదని పరీక్ష చేయించిన రాయి అమ్మేవాళ్ల దగ్గరే కొనండి.

గోదారిగట్టు
బాల్కనీలో చేత్తో ఆకురాయి పెట్టేదానికి ఇంత భయపెట్టాలా? ముక్కుకి తడిగుడ్డ కట్టుకుంటే సరిపోదా?

రాళ్లరాజు
సరిపోదు. తడిగుడ్డలోంచి సన్నటి పొడి లోపలికే వెళ్తుంది. గనుల్లో అలా గుడ్డలు కట్టుకుని పనిచేసినవాళ్లు ముసలితనం రాకముందే మెట్లెక్కలేక కూర్చోవడం కళ్లారా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. ముఖానికి బిగుతుగా పట్టే, సన్నటి దుమ్ముని ఆపే పి100 రకం మాస్క్ పెట్టుకోండి. రాయిని నీళ్లలో ముంచి ముంచి పనిచెయ్యండి, తడిలో దుమ్ము లేవదు. నేలని ఊడవద్దు, తడిగుడ్డతో తుడవండి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు.

ఉత్తరాన_ఉష
రాజు గారు చెప్పింది అక్షరాలా పాటించండి. ఇక్కడ పాతతరం చెక్కేవాళ్లలో దగ్గు చాలామందికి ఉంది. ఇప్పటి కుర్రాళ్లు మాస్క్ పెట్టుకుంటున్నారు, చూస్తే సంతోషంగా ఉంటుంది.

విన్నిపెగ్_వాణి
మాస్క్ ఆర్డర్ పెట్టా. నా చివరి ప్రశ్నకి ఎవరూ సూటిగా చెప్పలేదు. మనం నేర్చుకోవచ్చా?

గోదారిగట్టు
కళకి కంచె ఏంటండీ? కూచిపూడి ఎంతమంది విదేశీయులు నేర్చుకోలేదు? మనం సంతోషించామే గానీ అడ్డు చెప్పామా?

ఉత్తరాన_ఉష
కూచిపూడి నేర్చుకున్న విదేశీయులు గురువు దగ్గర ఏళ్ల తరబడి కూర్చున్నారు, గురువు పేరు చెప్పుకున్నారు. ఇక్కడ జరిగేది వేరు. సాయంత్రం హోటల్ రెస్టారెంట్లో కూర్చుంటే చెక్కినవాళ్లు గుడ్డలో చుట్టిన బొమ్మతో టేబుల్ దగ్గరికే వస్తారు. విప్పి చూపిస్తే వంపుల్లో ఇంకా తెల్లపొడి ఉంటుంది. ఆ రోజు అది అమ్మితే ఆ ఇంటికి సామాన్లు, పడవకి పెట్రోలు. దక్షిణాన "ఇన్యూట్ స్టైల్" అని ఫ్యాక్టరీ సరుకు చవగ్గా పెడితే దెబ్బ తగిలేది ఆ టేబుల్ దగ్గర నిలబడ్డ మనిషికి.

రాయి చెక్కడం ఎవరైనా నేర్చుకోవచ్చు, సీల్ బొమ్మ ఎవరైనా చెయ్యొచ్చు. దాన్ని ఇన్యూట్ శిల్పం అని పిలవకూడదు, ఆ పేరుతో అమ్మకూడదు. ఇంకొకటి, సముద్రపు అమ్మ నులియాయుక్ లాంటి రూపాలు ముట్టుకోవద్దని నా అభిప్రాయం. ఆవిడ వేళ్ల నుంచే సీళ్లు, వాల్రస్‌లు పుట్టాయని వీళ్ల కథ. జంతువులతోనే నేర్చుకోవడానికి జన్మంతా సరిపోతుంది.

గోదారిగట్టు
అమ్మకం విషయంలో మీ మాటే నా మాట. దేవతల రూపాల దగ్గర మాత్రం ఒప్పుకోను. భక్తితో చేస్తే తప్పెలా అవుతుంది?

ఆళ్లగడ్డ_ఉలి
మా దగ్గర విగ్రహానికి కన్ను తెరవడానికి ఒక ముహూర్తం, ఒక పద్ధతి ఉంటాయి. ఆ పద్ధతి తెలియనోడు భక్తి ఉంది కదా అని ఉలి పట్టుకుంటే మా పెద్దలు ఒప్పుకోరు. వాళ్ల పెద్దలకీ అట్లాంటిది ఉంటే గౌరవించాల.

టొరంటో_తాతయ్య
వాణీ, వీలుంటే ఇన్యూట్ కళాకారులే నేర్పే క్లాసు కోసం కనిపెట్టుకుని ఉండు. గ్యాలరీలు అప్పుడప్పుడు ఉత్తరం నుంచి రప్పిస్తాయి. రెండో మాట, నేర్చుకుంటూనే వాళ్ల దగ్గర ఒక చిన్న బొమ్మ కొనుక్కో. ఎదురుగా పెట్టుకుంటే అదే నీకు పాఠం. కిన్‌గైట్‌కి చెందిన ఓవిలూ టున్నిల్లీ పని వెతికి చూడు. మగవాళ్ల పని అనుకునే రోజుల్లో ఆవిడ రాయి పట్టి సొంత జీవితాన్నే చెక్కింది.

విన్నిపెగ్_వాణి
టున్నిల్లీ బొమ్మలు ఇక్కడే ఉన్నాయేమో ఈసారి అడుగుతా. రాయి తెచ్చుకున్నా, పరీక్ష చేసిన లేత ఆకుపచ్చది, తట్టి చూసి, తడిపి చూసి. సీల్ గీత రెండు వైపులా గీశాను. పాలిష్ ఎలా అన్నది, అడుగున సంతకం ఏం పెట్టాలన్నది చెప్పేస్తే ఇక పనిలో పడతా.

ఉత్తరాన_ఉష
ఆకురాయి గీతలన్నీ పోయాక వాటర్ పేపర్ (తడిలో రుద్దే ఎమరీ కాగితం), నంబరు పెరిగేకొద్దీ నున్నగా ఉంటుంది. 220 నంబరు, 400, 600, ఓపిక ఉంటే 1000. అన్నీ నీళ్ల బకెట్లోనే. నంబరు మారే ప్రతిసారీ రాయిని పూర్తిగా ఆరనివ్వండి, తడి మీద కనిపించని గీతలు ఆరాక తెల్లగా బయటపడతాయి. అవి ఉండగా తర్వాతి నంబరుకి వెళ్లొద్దు. ఆఖర్న రాయిని కొంచెం వెచ్చబెట్టి తేనెమైనం పూసి, మెత్తని గుడ్డతో రుద్దండి. మీసాల గీతలు మైనం పూశాక సూదితో గీస్తే లేతగా తేలతాయి.

సంతకం మీ పేరే, తెలుగులోనే పెట్టండి, పక్కన సంవత్సరం. ఇన్యూట్ లిపిలో మాత్రం వద్దు.

ఆళ్లగడ్డ_ఉలి
సంతకానికి ముందు అడుగు సమం చేసుకోమ్మా. మందపాటి గాజు పలక మీద 220 వాటర్ పేపర్ తడిపి పరిచి, సీల్‌ని దాని మీద పెట్టి గుండ్రంగా తిప్పుతా రుద్దు. ఊగకుండా కూర్చున్నాక పొట్ట కింద అంచుని రొంత లోపలికి తియ్యి, అప్పుడు నేల మీద కొవ్వు ఒరిగినట్టు కనపడతాది.